అమ్మ దాచిన ముడుపు: బెజవాడ నుంచి పెదకాకాని దాకా నాలుగు రోజులు

ఇంటికొచ్చి రెండు రోజులైంది. సంచిలోని చొక్కాకి ఇంకా ఊదు వాసన ఉంది. ఉతికితే పోతుందని ఉతకనివ్వలేదు. ఆ వాసన ఉండగానే ఇదంతా రాసుకోవాలని కూర్చున్నాను.

నా పేరు మస్తాన్‌రావు. మా ఇంట్లో ముస్లింలు ఎవరూ లేరు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, ఈసారి బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటానని అమ్మ గుంటూరు కాలే మస్తాన్ దర్గాలో మొక్కుకుంది. దక్కాను. పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించారట. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న ఉద్యోగం ఖమ్మానికి మారింది. ఆ తర్వాత గుంటూరు వైపు రాకపోకలు తగ్గిపోయాయి.

పోయిన కార్తీకంలో అమ్మ పోయింది. ఆవిడ పెట్టె సర్దుతుంటే పట్టుచీర మడతల్లో పసుపు గుడ్డ ముడుపు ఒకటి దొరికింది. తడిమితే లోపల రెండు బిళ్ళలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రూపాయి పావలా. పావలా చెల్లడం మానేసి, 2011 జూన్ 30 నుంచి లెక్కేసినా, పదమూడేళ్ళు దాటింది. అంటే అమ్మ అంతకుముందెప్పుడో కట్టి ఉండాలి. తిరుపతి ముడుపు ఆవిడ ఎప్పుడూ దేవుడి గూట్లో వేరే డబ్బాలో వేసేది. మరి ఇదెవరిది? విజయవాడ పిన్నికి ఫోన్ చేస్తే, "అది మస్తాన్ సామిది రా. ఎందుకు కట్టిందో మాత్రం నాకూ చెప్పలేదు" అంది.

అలా బయల్దేరాను.

ఫిబ్రవరి 4, మంగళవారం. విజయవాడ, వన్‌టౌన్

పిన్ని వాళ్ళది చిట్టినగర్. పొద్దున పెసరట్టుప్మా పెట్టి, "గుంటూరు వెళ్ళేది గురువారం కదా, దర్గాకి ఆ రోజే మంచిది. ఈలోపు అత్తరు కొనుక్కో, చాదర్ మీద చల్లుతారు" అని పురమాయించింది. ముస్లింలు జుమేరాత్ అనే గురువారం మా పిన్నికి 'మస్తాన్ వారం'.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర దిగి అత్తరు కొట్టు ఎటని అడిగితే ఒకాయన ఎడమకన్నాడు, ఇంకొకాయన కుడికన్నాడు. ఎడమకి తిరిగాను. పూలబుట్టలు, ఉల్లిపాయల బస్తాలు దాటుకుంటూ ఎటో తేలాను. మళ్ళీ వెనక్కి, అక్కణ్ణించి ఇస్లాంపేట, ఇంకాస్త నడిస్తే పంజా సెంటర్. పంజా అంటే అరచెయ్యి. మొహర్రంలో పీర్ల మీద నిలబెట్టే వెండి, ఇత్తడి చేతుల్ని అలాగే అంటారు. చిన్నప్పటి నుంచి బస్సు బోర్డు మీద చదివిన పేరే, మొన్నటిదాకా దాని అర్థం ఆలోచించలేదు.

కొట్టు చాలా చిన్నది. డెబ్బై ఏళ్ళ సాయిబుగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. వెనక అద్దాల బీరువాలో బొటనవేలంత సీసాలు వరసగా ఉన్నాయి. ఒకదాని మూత తీసి, దానికున్న గాజుపుల్లని నా ముంజేతి మీద ఒక్కసారి గీసి, "ఇప్పుడే వాసన చూడకండి. ఒంటి వేడి తగలనివ్వండి" అన్నారు. పేరడిగారు. చెప్పాను.

"మీరు మావాళ్ళు కాదు కదా?"

"కాదండీ. మా అమ్మ మొక్కుకుని పెట్టింది."

"ఆ పేరుకి అర్థం తెలుసా మరి?"

దర్గాలో ఉన్న వలీ పేరనే తెలుసన్నాను. సీసా పక్కన పెట్టేశారు. "మస్త్ అనేది ఫారసీ మాట. మత్తెక్కినవాడు అని. మీ ఖమ్మం వైపు మస్తుగుంది అంటారే, ఆ మస్తే ఇది. అల్లా మీద ఇష్క్‌తో ఒళ్ళు తెలియనివాణ్ణి మస్తాన్ అంటారు. ఎండా వానా, తిండీ బట్టా పట్టవు వాళ్ళకి."

నలభై ఎనిమిదేళ్ళు మోసిన పేరుని ఒక కొత్త మనిషి విప్పి చేతిలో పెట్టినట్టయింది. ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మొదట గులాబీ, దాని అడుగున గంధం. సాయంత్రం స్నానం చేశాక కూడా గంధం మిగిలింది.

ఆయనే మళ్ళీ, "ఏమనుకోకండి, నేను మాత్రం దర్గాలకి పోను" అన్నారు. అడగాల్సింది అల్లా ఒక్కణ్ణే, సజ్దా చేయాల్సిందీ ఆయనకే, సమాధి ముందు తల నేలకి ఆనించడం తప్పు అన్నారు. గొంతులో కోపం లేదు. సూఫీలంటే గౌరవం లేదా అనడిగితే, ఉందన్నారు. వాళ్ళలోనే రెండు దారులున్నాయట. బాయజీద్ బిస్తామీ లాంటివాళ్ళు మత్తు దారి. బగ్దాదులో 910లో కాలం చేసిన జునైద్ మెలకువ దారి. ఎంత ప్రేమలో మునిగినా నమాజు వేళ తప్పకూడదు, నోరు జారకూడదు. "నాది జునైద్ దారి. మీ పేరు మత్తు దారిది" అని నవ్వారు.

లేవబోతుంటే ఇంకో మాట చెప్పారు. ఖురాన్ అయిదో సూరాలో, 54వ వాక్యంలో, ఆయన వాళ్ళని ప్రేమిస్తాడు, వాళ్ళు ఆయన్ని ప్రేమిస్తారు అని ఉందట. "ముందు ఎవరి ప్రేమ గురించి చెప్పాడో చూడండి. మనం మొదలుపెట్టింది కాదు ఇది." దేవుడి 99 పేర్లలో వదూద్ అని ఒకటుంది, ప్రేమించేవాడు అని. ఆయన వేలు మడిచి చెప్పిన తీరు చూస్తే, 99లో ఆ పేరంటేనే ఇష్టమేమో అనిపించింది.

మూడు మిల్లీల సీసా 150. బేరం ఆడలేదు. ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉల్లి సమోసాలు కలిపి 35.

ఫిబ్రవరి 5, బుధవారం. కొండపల్లి

మధ్యలో రోజు ఖాళీ ఉందని కొండపల్లి వెళ్ళాను. అక్కడ సయ్యద్ షా బుఖారీ దర్గా ఉంది. కోటకి ఉన్న ద్వారాల్లో ఒకదాని పేరు దర్గా దర్వాజా. ఆ పేరు విని దర్గా కొండ మీద ఉంటుందనుకుని పోనూరానూ 400కి ఆటో మాట్లాడుకున్నాను. పైన గాలి బాగుంది, కోట గోడలు బాగున్నాయి. రేగుపళ్ళు అమ్ముకుంటున్న పెద్దావిడని షా బుఖారీ దర్గా ఎక్కడమ్మా అంటే నన్ను ఎగాదిగా చూసి, "ఉరుసు జరిగే దర్గానా? కింద ఊళ్ళో కదయ్యా. నువ్వు దాన్ని దాటుకునే వచ్చుంటావు" అంది. రేగుపళ్ళు పది రూపాయలకి దోసెడు పోసింది. దిగేదాకా తింటూనే ఉన్నాను. పులుపు పళ్ళకి పట్టేసింది.

కింద బొమ్మలు చేసే వీధిలో కాసేపు ఆగాను. తెల్ల పొణికి కర్ర దూదంత తేలిక. కాళ్ళు, తొండం, అంబారీ వేటికవే చెక్కి, చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఒకామె అంబారీ ఏనుగు తొండానికి మక్కు పట్టించి బొటనవేలితో నిమురుతోంది. అతుకు ఎక్కడుందో కనపడకుండా పోయేదాకా నిమిరింది. ఆ ఏనుగు 350. మా అమ్మాయికి తీసుకున్నాను.

దర్గా దగ్గర పూలకొట్టు. అక్కడే నా అసలు సందేహం తీరింది. చనిపోయిన రోజుని ఉరుసు అని పండగ చేస్తారేమిటి? మనం తద్దినం పెడతాం, ఉపవాసం ఉంటాం. వీళ్ళు దీపాలు పెడతారు, గంధం ఊరేగిస్తారు, బాజాలు మోగిస్తారు. వలమీద బంతిపూలు, గులాబీలు కుట్టి చాదర్ చేస్తున్న ఆవిడ దారం పళ్ళతో తెంపుతూ చెప్పింది: "ఉర్సంటే పెళ్ళి బాబూ. అరబ్బీ మాట. దర్గా చూసుకునే ముజావర్ గారు చెప్పేవారు. ఆయన ఆ రోజు చచ్చిపోలేదు, పెళ్ళి చేసుకుని అత్తారింటికి పోయాడు. పెళ్ళికి పూలు లేకపోతే ఎట్లా?"

ఈ సంగతి పుస్తకాల్లో ఎక్కడో చదివాను. కొన్యాలో జలాలుద్దీన్ రూమీ 1273 డిసెంబర్ 17న పోతే, ఆ రాత్రిని ఈనాటికీ పెళ్ళిరాత్రి అనే పిలుస్తారు. చదివినప్పుడు కవిత్వం అనుకున్నాను. పూలకొట్టావిడ నోట అత్తారిల్లు అనే మాట విన్నాక గంధం అర్థమైంది. పెళ్ళికూతురికి నలుగు పెడతాం కదా, అదే గంధం. సమాధి మీద కప్పే కొత్త చాదర్ పెళ్ళిబట్ట. ఇన్నేళ్ళూ ఆ ఊరేగింపులు రోడ్డు పక్కన నిలబడి చూసి, అది ఎవరి పెళ్ళో అడగలేదు.

ఇది మన నేలకి కొత్త సంగతేమీ కాదు. కృష్ణా జిల్లాలో ఉన్న మొవ్వ ఊరి గోపాలుణ్ణి పెట్టుకుని క్షేత్రయ్య చాలా పదాలు నాయిక గొంతుతో అల్లాడు. దేవుడు ప్రియుడు, మనం ఎదురుచూసే ఆడవాళ్ళం. ఢిల్లీలో అమీర్ ఖుస్రో తన గురువు నిజాముద్దీన్ ఔలియా గురించి పాడుకున్నదీ ఆ వరసే. ఇద్దరూ ఒకే ఏడు, 1325లో, కొన్ని నెలల తేడాలో పోయారు. ఖుస్రో సమాధి గురువుగారి సమాధికి దగ్గర్లోనే ఉంది. మనవాళ్ళూ వాళ్ళూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని నేననను. ఆ ప్రేమ చెప్పుకోవడానికి రెండుచోట్లా పెళ్ళే దొరికింది.

బయటికి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి నడవబోయాను. ఒక ముసలావిడ మోచెయ్యి పట్టుకుని ఆపింది. "వీపు చూపకూడదు నాయనా. మొహం ఇటే పెట్టి అడుగులు వెనక్కెయ్యి." గడప దాకా అలాగే వచ్చాను.

ఫిబ్రవరి 6, గురువారం. గుంటూరు

మంగళగిరి దాటాక మిర్చి టిక్కీల లారీలు వరసగా ఎదురయ్యాయి. గుంటూరులో దిగి బ్రాడీపేటలో నెయ్యి కారప్పొడి ఇడ్లీ తిన్నాను, 60. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆరేళ్ళకి ఈ ఊరు వదిలినవాడి నాలుకకి కారం తగ్గిందన్నమాట.

ఆటో డ్రైవర్‌తో మస్తాన్ దర్గా అన్నానంతే, ఇంకేమీ అడగలేదు. చేతికి ఆంజనేయస్వామి తాడుంది. దర్గా ముందు ఆపి, చెయ్యి గుండెకీ నుదుటికీ తాకించుకుని, ఆ తర్వాతే డబ్బులు తీసుకున్నాడు. 60.

గేటు దగ్గర పూల చాదర్ 250, పంచదార పొట్లం 40, ఊదు 20. నేను పిన్ని చెప్పినట్టు కొబ్బరికాయ కూడా తెచ్చాను. ఇవ్వచ్చో లేదో అని సంచిలోనే దాచాను. చూస్తే నా ముందున్న నలుగురిలో ముగ్గురి చేతుల్లో కొబ్బరికాయలే. కాళ్ళు చేతులు కడుక్కుని, తలకి జేబురుమాలు కట్టుకుని లోపలికెళ్ళాను.

ఒక పక్కన ఇంటర్ పిల్లలు. కొత్త పెన్నుల పెట్టె సమాధి పాదాల దగ్గర ఆనించి తీసుకున్నారు. ఒళ్ళో బిడ్డతో ఒక బాలింత, తాయెత్తు కోసం నిలబడ్డ మేస్త్రి, కోర్టు కాగితాలు చంకలో పెట్టుకున్న ముసలాయన. కళ్ళు మూసుకుని ప్రతివాళ్ళూ ఏదో అడుగుతున్నారు. పెదవులు కదులుతుంటే మాటలు సగం వినపడుతున్నాయి.

నాకు బస్రా రాబియా గుర్తొచ్చింది. 801లో పోయిన ఆవిడ. పుట్టు బీదది, బానిసగా అమ్ముడుపోయిందంటారు. ఆవిడ ఒక చేత్తో నిప్పు, ఒక చేత్తో నీళ్ళు పట్టుకుని వీధిలో పరుగెత్తిందని కథ. ఎందుకమ్మా అంటే స్వర్గాన్ని కాల్చేస్తా, నరకాన్ని ఆర్పేస్తా, ఆ ఆశా ఈ భయమూ పోతేగాని ఎవరూ ఆయన్ని ఆయన కోసం ప్రేమించరు అందట. సూఫీల ప్రేమ మాట అంతా ఆ బీదరాలి దగ్గరే మొదలైందని చెబుతారు. నిన్నటిదాకా ఆ కథ నాకు చాలా ఇష్టం. ఇక్కడ ఈ జనం మధ్య కూర్చుంటే గొంతులో ముల్లులా అడ్డుపడింది. వీళ్ళంతా అడగడానికే వచ్చారు. మా అమ్మ కూడా నన్ను అడిగే తెచ్చుకుంది.

ముజావర్ గారు పెద్దవయసాయన. పంచదార మీద ఫాతెహా చదివి, సగం ఉంచుకుని సగం నా దోసిట్లో పోశారు. నెమలి ఈకల కట్టతో తల మీద తట్టారు. చాదర్ నాలుగు కొసలూ నలుగురం పట్టుకున్నాం. మూడో కొస కోర్టు కాగితాల ముసలాయన పట్టుకున్నాడు, ఎవరూ పిలవకుండానే. అత్తరు సీసా మొత్తం దాని మీద ఒంపేశాను. అప్పుడు ముడుపు తీశాను.

"అమ్మ ఏం అడిగిందో నాకు తెలీదండీ. తీరిందో లేదో కూడా తెలీదు. చెల్లించాల్నా, మళ్ళీ మొక్కుకోవాల్నా?"

ఆయన ముడుపుని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు కాసేపు ఊరుకున్నారు. నా మనసులో ఉన్నది ఆగలేక అడిగేశాను. ఇక్కడికి అందరూ ఏదో కావాలనే వస్తారు కదా, సూఫీలు చెప్పే ప్రేమ మరి ఎక్కడుందండీ అని.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా," అన్నారాయన. "నిజమే. కానీ పిల్లాడు ఆకలేస్తే ఎవర్ని అడుగుతాడయ్యా? పక్కింటావిణ్ణి అడుగుతాడా?"

తర్వాత ఆయనే, తాము కూడా అడిగేది వలీని కాదనీ, వలీతో కలిసి అల్లాని అడుగుతామనీ చెప్పారు. వలీ అంటే దగ్గరివాడు. ఔలియా అంటే దగ్గరివాళ్ళు. దేవుడు చెప్పినట్టుగా ప్రవక్త చెప్పిన మాట ఒకటి హదీసుల్లో ఉందట. నా దాసుడు చెయ్యాల్సినవి చేసి, ఆపైన తనకై తాను చేసే ఆరాధనలతో నాకు దగ్గరవుతూ ఉంటాడు, చివరికి నేను వాణ్ణి ప్రేమిస్తాను, అప్పుడు వాడు వినే చెవి నేనవుతాను, చూసే కన్ను నేనవుతాను, పట్టే చెయ్యి నేనవుతాను అని. బెజవాడ సాయిబుగారు ఈ మాట వింటే కాదనరు. ఆయన దర్గాకి రారు, ఈయన దర్గా వదలరు. ఇద్దరూ పట్టుకున్నది ఒకే ముక్క, దగ్గరితనం. ఇందులో ఎవరిది ఒప్పని నన్నడిగితే, సజ్దా సంగతిలో అత్తరు సాయిబుగారిదే. ముజావర్ గారు కూడా అక్కడ తల నేలకి ఆనించబోయిన ఒక కుర్రాణ్ణి భుజం పట్టి లేపి, సలాం చెప్పు చాలన్నారు. కళ్ళారా చూశాను.

ముడుపు ముడి ఆయన విప్పబోయారు, రాలేదు. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయింది. గోటితో, తర్వాత పంటితో నేనూ చూశాను. అమ్మ ముడి ఎప్పుడూ అంతే, పచ్చడి జాడీ వాసెన కట్టినా మేం విప్పలేకపోయేవాళ్ళం. ఆఖరికి పూలకొట్టు నుంచి కత్తెర తెప్పించి గుడ్డ అంచు కోశారు. రూపాయి మీద నల్లగా మచ్చలు. పావలా తళతళలాడుతోంది. రెండూ హుండీలో పడ్డాయి. చెల్లని బిళ్ళండీ అన్నాను. "ఇక్కడ చెల్లుద్ది" అన్నారు. పసుపు గుడ్డ నా చేతిలో పెట్టారు.

బయట అరుగు మీద ఒక ఫకీరు డప్పు వాయిస్తూ పాడుతున్నాడు. మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. కళ్ళు మూసే ఉన్నాయి. ముందున్న గిన్నెలో ఎవరు ఎంత వేశారో ఒక్కసారీ చూడలేదు. మస్త్ అన్న మాట అప్పుడు కళ్ళ ముందు కనపడింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం. పెదకాకాని

తిరిగి వచ్చేదారే కదా అని పెదకాకానిలో దిగాను. మల్లేశ్వరస్వామి గుడి, బాజీబాబా దర్గా, రెండూ ఉన్న ఊరు. చాలామంది రెండూ చూసుకునే వెళతారు. నేనూ అంతే.

ఇటు గుంటూరు పల్లెల్లో బాజీ, బాజీబాబు, బాజీబీ ఇంటింటికీ ఉంటారు. మస్తానమ్మలు, మస్తానయ్యలు, సైదులు, సైదమ్మలు సరేసరి. వలీల పేర్లు బొట్టు పెట్టుకున్నవాళ్ళకీ టోపీ పెట్టుకున్నవాళ్ళకీ ఒకలాగే ఉంటాయి. ఖమ్మంలో బళ్ళో నా పేరు పిలిచినప్పుడల్లా ఒకరు కాకపోతే ఒకరు, నువ్వు సాయిబులా అని అడిగేవాళ్ళు. జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి పదో తరగతి తర్వాత ఎం.రావు అని రాసుకోవడం మొదలుపెట్టాను. అమ్మ అది చూసింది. ఏమీ అనలేదు. ముడుపు ఆ రోజుల్లోనే కట్టిందా అని నిన్న రాత్రంతా ఆలోచించాను.

వేపచెట్టు కింద ఒక కుటుంబం కందూరు, అంటే దర్గా మొక్కు విందు, చేస్తున్నారు. మూడు రాళ్ళ పొయ్యి మీద పలావు డేగిశా, పక్కన దాల్చా. సొరకాయ ముక్కలు, మాంసం, శనగపప్పు కలిసి ఉడికిన వాసన దారి మీదకి వస్తోంది. దాటిపోతుంటే "తినకుండా పోకూడదు, కూర్చో బాబూ" అని పెద్దావిడ కేకేసింది. అక్కడ అది మర్యాద, కందూరు దగ్గరికి వచ్చినవాళ్ళని ఎవరు ఏమిటని అడక్కుండానే పిలుస్తారు. చాప మీద కూర్చున్నాను. ఆకు వేశారు. దాల్చాలో పులుపు సరిగ్గా అమ్మ పులుసంత ఉంది.

"బాజీ, నీళ్ళు పట్రా!" అంది పెద్దావిడ. ముగ్గురు లేచారు. ఒకడు టోపీ పెట్టుకున్న కుర్రాడు, ఒకాయన కుంకంబొట్టుతో, ఇంకొకటి రెండు జడల పిల్ల. ముగ్గురూ నీళ్ళు తెచ్చారు.

"నీ పేరేంది నాయనా?" అని నన్నడిగింది.

"మస్తాన్."

గరిటె పట్టుకుని ఆగింది. ఎప్పటి ప్రశ్నే వస్తుందనుకున్నాను.

"కసుమూరు మస్తానా, గుంటూరు మస్తానా?"

"గుంటూరు మస్తాన్‌నమ్మా" అన్నాను.

"అట్టాగా," అని ఇంకో గరిటె దాల్చా పోసింది.